డబ్లిన్ మెరియన్ హోటల్: నాలుగు జార్జియన్ ఇళ్ల చరిత్ర గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో ఉద్యోగానికో డబ్లిన్ వెళ్లిన మనవాళ్లు అప్పర్ మెరియన్ స్ట్రీట్‌లో నడుస్తూ ఎర్ర ఇటుకల వరస ఒకటి చూసి, అది ప్రభుత్వాఫీసు అనుకుని దాటిపోతుంటారు. అది ఐర్లాండ్‌లోని ఖరీదైన హోటళ్లలో ఒకటి. ఒకప్పుడు నిజంగానే ప్రభుత్వాఫీసు కూడా. దాని గురించి మాటిమాటికీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ చూడండి.

జార్జియన్ అంటే జార్జియా దేశం వాళ్లు కట్టిందా?

కాదు. 1714 నుంచి 1830 వరకు బ్రిటన్‌ను వరసగా నలుగురు జార్జి రాజులు ఏలారు. ఆ కాలపు కట్టడాలను జార్జియన్ అంటారు. ఐర్లాండ్ కూడా ఆ రాజుల కిందే ఉండేది కనుక డబ్లిన్‌కూ ఆ పేరు అంటుకుంది. అట్లాంటాలో ఉన్నవాళ్లు మాత్రం కొంచెం చుట్టరికం కలుపుకోవచ్చు: అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి ఆ పేరు రెండో జార్జి మీదుగానే వచ్చింది.

ఈ ఇళ్లు ఎవరు కట్టారు, ఎందుకు అక్కడే కట్టారు?

1760ల్లో చార్ల్స్ మాంక్ అనే ఆయన కట్టించాడు. మొత్తం నాలుగు ఇళ్లు, ఇప్పటి లెక్కలో 21 నుంచి 24 నంబర్లు. ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్య గోడలు పంచుకుంటూ వరసగా ఉంటాయి. 22వ నంబరు ఇంట్లో మాంక్ తానే ఉన్నాడు, దాన్ని మాంక్ హౌస్ అనేవారు. మిగతావి డబ్బున్నవాళ్లకు ఇవ్వడానికి కట్టినవి. అంటే ఇది రాజభవనం కాదు. మన మాటల్లో చెప్పాలంటే రియల్ ఎస్టేట్ వెంచర్.

స్థలం ఎంపిక వెనుక ఒక పందెం ఉంది. అంతకుముందు డబ్లిన్‌లో గొప్పవాళ్లంతా లిఫీ నదికి ఉత్తరాన ఉండేవారు. 1740ల్లో కిల్డేర్ ప్రభువు నదికి దక్షిణాన, అప్పటికి దాదాపు పొలాల మధ్య, పెద్ద భవనం మొదలుపెట్టాడు. అదే ఇప్పుడు ఐరిష్ పార్లమెంటు నడుస్తున్న లెన్‌స్టర్ హౌస్. అంత దూరం ఎవరొస్తారని అడిగితే, నేనెక్కడికి వెళితే వాళ్లంతా అక్కడికే వస్తారని ఆయన అన్నాడట. వచ్చారు. 1762లో ఆ పక్కనే మెరియన్ స్క్వేర్ వేయడం మొదలైంది. మాంక్ ఇళ్లు ఆ ఊపులో లేచినవే.

బయట నుంచి ఇంత సాదాగా ఉందేమిటి? ఫైవ్ స్టార్ హోటల్‌లా లేదే!

డబ్లిన్ జార్జియన్ ఇల్లంటేనే అంత. పైన పటారం లోన లొటారం అన్న సామెతను తిరగేసి కట్టినట్టుంటుంది. వీధి వైపు చదునైన ఇటుక గోడ, లెక్క ప్రకారం కోసినట్టున్న కిటికీలు, అంతే. ఉన్న ముచ్చటంతా తలుపు దగ్గరే: రెండు పక్కలా స్తంభాలు, పైన అర్ధచంద్రాకారపు అద్దాల కిటికీ, నిగనిగలాడే రంగు.

కిటికీలను కొంచెం ఓపిగ్గా చూడండి. మొదటి అంతస్తు నుంచి పైకి పోయేకొద్దీ ఎత్తు తగ్గుతుంది. వీధి మట్టానికి పైన ఉన్న మొదటి అంతస్తు కిటికీలు అన్నిటికన్నా పొడవు. అతిథులను కూర్చోబెట్టే గదులు అక్కడ ఉండేవి. పడకగదులు పైన. అన్నిటికన్నా పైన చిన్న చిన్న కిటికీల వెనక పిల్లలు, పనివాళ్లు. వంటిల్లు నేల కింద. ఇంట్లో ఎవరి హోదా ఎంతో వీధిలో నిలబడి కిటికీలు కొలిచి చెప్పేయొచ్చు. ఇలాంటి వీధుల్లో కాలిబాట మీద గుండ్రటి ఇనుప మూతలు కనిపిస్తాయి. బొగ్గు బండివాడు ఇంట్లోకి అడుగు పెట్టకుండా ఆ కన్నంలోంచే బొగ్గు కిందికి పోసి పోయేవాడు.

లోపలికి వెళితే వేరే ప్రపంచం. పైకప్పుల మీద సున్నపు నగిషీ, పాలరాతి పొయ్యి గూళ్లు, తీరైన మెట్లు. డబ్లిన్ నగిషీ పనివాళ్లు ఆ కాలంలో పేరు మోసినవాళ్లు. పైకప్పు నుంచి పక్షులు బయటికి పొడుచుకొచ్చేలా చేసిన రాబర్ట్ వెస్ట్ ఈ ఊరివాడే. నన్నడిగితే లాబీలోని సోఫాలు చూసి మురిసేవాళ్లు ఒక్కసారి మెడ ఎత్తి పైకప్పు చూడాలి.

అంత డబ్బు వాళ్లకు ఎక్కడిది?

పల్లెల నుంచి వచ్చే కౌళ్ల డబ్బు. 18వ శతాబ్దపు ఐర్లాండ్‌లో భూమిలో అధికభాగం ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన ప్రొటెస్టెంట్ కుటుంబాల చేతిలో ఉండేది. సాగు చేసే క్యాథలిక్కులు కౌలుదార్లు. డబ్లిన్‌లో అప్పుడు ఐర్లాండ్‌కు సొంత పార్లమెంటు ఉండేది, క్యాథలిక్కులకు అందులో చోటు లేదు. సభలు జరిగే నెలల్లో భూస్వాములంతా ఊళ్లనుంచి కుటుంబాలతో సహా నగరానికి దిగేవారు. విందులు, నాట్యాలు, పెళ్లి సంబంధాలు అన్నీ అప్పుడే. ఆ కొద్ది నెలల కోసమే ఈ ఇళ్లు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, కింద 24వ నంబరు ఇంటికి పట్టిన గతి చెప్పేటప్పుడు మళ్లీ కావాలి.

వెలింగ్టన్ డ్యూక్ నిజంగా ఈ ఇంట్లోనే పుట్టాడా?

వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన ఆర్థర్ వెల్లస్లీ 24వ నంబరు ఇంట్లో పుట్టాడన్నదే ఈ హోటల్‌కు ఉన్న పెద్ద ప్రచారం. నా లెక్కలో అది చాలావరకు నమ్మదగ్గదే, కానీ గట్టిగా రుజువైంది మాత్రం కాదు.

మోర్నింగ్టన్ ప్రభువు గారెట్ వెస్లీ 1769లో ఈ ఇంటిని లీజుకు తీసుకున్నాడు. దాంతో ఇది మోర్నింగ్టన్ హౌస్ అయింది. ఆయన భూస్వామే అయినా సంగీతం పిచ్చి ఉన్న మనిషి, డబ్లిన్ ట్రినిటీ కాలేజీకి మొట్టమొదటి సంగీత ఆచార్యుడు. అదే ఏడాది ఆయన కొడుకు ఆర్థర్ పుట్టాడు. మే 1న పుట్టాడని తల్లి చెప్పింది, ఆర్థర్ జీవితాంతం ఆ రోజే పుట్టినరోజు చేసుకున్నాడు. మెరియన్ స్ట్రీట్‌లో మోర్నింగ్టన్ ప్రభువు భార్య మగబిడ్డను కన్నదని ఆ కాలపు డబ్లిన్ పత్రికలో కూడా పడింది. అప్పుడు ఈ ఇంటి నంబరు 6. తరవాత వీధి నంబర్లు మారి 24 అయింది. పాత పుస్తకాల్లో రెండు నంబర్లు కనిపించి తికమక పెడతాయి, ఇల్లు ఒకటే.

మరి పేచీ ఎక్కడ? సెయింట్ పీటర్స్ చర్చి రిజిస్టరులో బాప్తిస్మం తేదీ 1769 ఏప్రిల్ 30 అని ఉంది. పుట్టకముందే బాప్తిస్మం ఎలా? తల్లి తేదీ తప్పో, రిజిస్టరు రాసినవాడు తప్పో, ఏదో ఒకటి. దానికితోడు మీత్ జిల్లాలో ఆ కుటుంబానికి డాంగన్ కోట ఉండేది. అక్కడ పుట్టాడనేవాళ్లు కొందరు, దారిలో పుట్టాడనేవాళ్లు కొందరు, నడిసముద్రంలో ఓడ మీద పుట్టాడనేవాళ్లు ఇంకొందరు. ఓడ కథను పక్కన పెట్టేయొచ్చు. మిగతావాటిలో పత్రిక ప్రకటన, తల్లి మాట కలిపి చూస్తే మొగ్గు మెరియన్ స్ట్రీట్ వైపే. బాప్తిస్మం జరిగిన చర్చి ఇప్పుడు లేదు, ఆ నీళ్ల తొట్టి మాత్రం డండ్రమ్‌లోని సెయింట్ నాహీ చర్చిలో ఉంది.

ఇంటిపేరు కొన్నిచోట్ల వెస్లీ అని, కొన్నిచోట్ల వెల్లస్లీ అని ఉంది. ఏది సరైనది?

రెండూ. కుటుంబం 1798 ప్రాంతంలో వెస్లీని వెల్లస్లీగా మార్చుకుంది. తండ్రిని వెస్లీ అనీ, కొడుకులను వెల్లస్లీ అనీ రాయడం రివాజు.

మన తెలుగువాళ్లకు ఈ ఇంటితో సంబంధం ఏమన్నా ఉందా?

ఉంది, అదీ కడప, అనంతపురం వాళ్లకు ఎక్కువ.

ఆర్థర్ కన్నా తొమ్మిదేళ్లు పెద్దవాడు అన్న రిచర్డ్. తండ్రి 1781లో పోగానే మోర్నింగ్టన్ బిరుదూ, దానితోపాటు తండ్రి మిగిల్చిన అప్పులూ రిచర్డ్‌కు వచ్చాయి. ఈ రిచర్డే మన చరిత్ర పాఠాల్లో సైన్య సహకార సంధి దగ్గర కనిపించే లార్డ్ వెల్లస్లీ. 1798 నుంచి 1805 వరకు గవర్నర్ జనరల్. వచ్చిన ఏడాదే హైదరాబాద్ నిజాం అలీఖాన్‌తో ఆ సంధి చేయించాడు. సంస్థానాల్లో నిజామే మొదటివాడు. ఆ ఒప్పందం ప్రకారం నిజాం కొలువులోని ఫ్రెంచి దళాలను రద్దు చేశారు. వాటిని పెంచి పోషించిన రేమండ్ అప్పటికి కొన్ని నెలల క్రితమే చనిపోయాడు. ఆయన సమాధి హైదరాబాద్‌లో ఇప్పటికీ ఉంది.

మరుసటి ఏడాది, 1799లో, టిప్పు సుల్తాన్ మీద శ్రీరంగపట్నం యుద్ధం. అందులో నిజాం తరఫు సేనతో కలిసి నడిచి దాన్ని నడిపించే పని తమ్ముడు ఆర్థర్‌కు పడింది. నిజాం వైపు పెద్ద మీర్ ఆలం. హైదరాబాద్ జూ పక్కన ఉన్న మీర్ ఆలం చెరువు ఆయన పేరు మీదదే. అన్న పెద్ద పదవిలో ఉన్నాడు కాబట్టి తమ్ముడికి అంత బాధ్యత ఇచ్చారని అప్పట్లోనే సైన్యంలో గుసగుసలుండేవి.

ఇక 1800 అక్టోబరు. కంపెనీ సైన్యం ఖర్చు నగదుగా కట్టే బదులు, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన జిల్లాలను నిజాం కంపెనీకి రాసిచ్చేశాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు అలా చేతులు మారాయి. దత్తమండలాలు అనే పేరు అప్పటిదే. మొదటి ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు సూచించేదాకా సీమవాళ్లు దత్తమండలాలవాళ్లే.

ఒక నేల మీద బతుకుతున్న జనాన్ని అడక్కుండా ఆ నేలను సంతకంతో ఇచ్చి పుచ్చుకోవడం, దూరంగా కూర్చుని శిస్తు తినడం వెల్లస్లీలకు కొత్త పని కాదు. మీత్ జిల్లా పొలాల కౌళ్లతోనే వాళ్లు మెరియన్ స్ట్రీట్‌లో సంగీతం వాయించుకున్నారు. హోటల్ బ్రోషర్లలో ఈ ముక్క ఉండదు, ఉంటుందని ఆశించడమూ అన్యాయమే.

వెల్లస్లీల తరవాత ఇల్లు ఎవరి చేతికి వెళ్లింది?

1791లో లాలెస్ కుటుంబం కొంది. తండ్రి నికొలస్ లాలెస్ ఉన్ని వ్యాపారంలో సంపాదించి క్లాన్‌కరీ ప్రభువు అయినవాడు. కొడుకు వాలెంటైన్ తీరు పూర్తిగా వేరు. బ్రిటిష్ పాలన మీద తిరగబడిన యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘంలో చేరాడు. పట్టుకెళ్లి లండన్ టవర్‌లో పెట్టారు. అతను జైల్లో ఉండగానే 1799లో తండ్రి చనిపోయాడు. సామ్రాజ్యాన్ని పెంచినవాడు పుట్టాడంటున్న ఇంటికి ఆ సామ్రాజ్యం జైల్లో పెట్టినవాడు వారసుడయ్యాడన్నమాట. ఈ ఇంటి కథలో వెలింగ్టన్ కన్నా నాకు నచ్చే మనిషి ఇతనే.

1801 జనవరి 1 నుంచి యూనియన్ చట్టం అమల్లోకి వచ్చింది. ఐరిష్ పార్లమెంటు రద్దయింది, సభ్యులు లండన్ దారి పట్టారు. ఏడాదికి కొన్ని నెలల సభల కోసమే కట్టుకున్న ఇళ్లు కదా, సభలే లేకపోతే వాటితో పనేముంది? డబ్లిన్‌లో ఇళ్ల ధరలు ఢమాల్న పడిపోయాయి. క్లాన్‌కరీ ఈ ఇంటిని అమ్మేసరికి కొన్న ధరలో సగం కూడా రాలేదు.

తరవాతి కాలంలో నది దక్షిణపు ఇళ్లు లాయర్లు, డాక్టర్లు, ఆఫీసుల చేతుల్లోకి వెళ్లి కాస్త మర్యాదగా బతికాయి. ఉత్తరాన ఉన్నవి గదికో కుటుంబం చొప్పున కిక్కిరిసిన మురికి ఇళ్లయ్యాయి. 1911 నాటికి హెన్రియెటా స్ట్రీట్‌లోని 14వ నంబరు ఇంట్లో వంద మంది ఉండేవారు. ఒక్క కుటుంబం కోసం కట్టిన ఇల్లది.

ప్రభుత్వాఫీసు అన్నారు. ఏ ఆఫీసు?

ఐరిష్ ల్యాండ్ కమిషన్. 1881 భూచట్టంతో పుట్టింది. మొదట కౌలు ఎంత ఉండాలో నిర్ణయించే పని. తరవాత, ముఖ్యంగా 1903 విండమ్ చట్టం నుంచి, భూస్వాముల దగ్గర భూములు కొనిపించి కౌలుదార్ల పేరు మీదికి మార్చే పని. ప్రభుత్వం అప్పు ఇస్తే రైతు ఏళ్ల తరబడి వాయిదాలు కట్టుకుని సొంతదారు అయ్యేవాడు. స్వతంత్రం వచ్చాక 1923 చట్టంతో కమిషన్‌కు ఇంకా పళ్లు మొలిచాయి, భూస్వామి ఒప్పుకోకపోయినా భూమి తీసుకునే అధికారం వచ్చింది.

కౌలు డబ్బుతో వెలిగిన ఇంట్లోనే కౌలుదారీని రద్దు చేసే కాగితాలు కదిలాయి. మనకు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో, తెలంగాణలో జాగీర్ల రద్దు 1949లో వచ్చాయి. ఐర్లాండ్‌లో ఆ పని అప్పటికి దాదాపు ముగింపుకొచ్చింది. తేడా ఒకటుంది. అక్కడ అసలు దున్నేవాడి పేరు మీదికి భూమి వెళ్లేవరకు ఒక ఆఫీసు తరాల తరబడి వెంటపడింది. ఇక్కడ చట్టం వచ్చింది, పట్టా కోసం రైతు ఇంకా తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగాడు.

ల్యాండ్ కమిషన్‌ను 1999లో పూర్తిగా రద్దు చేశారు.

ఇన్నేళ్లలో ఎవరూ కూల్చలేదా?

కూల్చే ప్రమాదం నిజంగానే ఉండేది, ఈ ఇళ్లకే కాదు, మొత్తం వీధులకు. స్వతంత్ర ఐర్లాండ్‌లో చాలామందికి జార్జియన్ ఇల్లంటే పరాయి దొరల గుర్తు. దాన్ని కాపాడాలని అడిగితే వింతగా చూసేవారు. 1963 జూన్‌లో వారాల వ్యవధిలో డబ్లిన్‌లో రెండుచోట్ల పాత ఇళ్లు కూలి మనుషులు చనిపోయారు. ఆ భయంతో నగరపాలక సంస్థ ఎడాపెడా పడగొట్టించింది. తరవాత విద్యుత్తు బోర్డు లోయర్ ఫిట్జ్‌విలియం స్ట్రీట్‌లో ఏకంగా 16 జార్జియన్ ఇళ్లను కూల్చి ఆఫీసు కట్టుకుంది. యూరప్‌లోనే పొడవైన జార్జియన్ వరసల్లో ఒకటి మధ్యలో తెగిపోయింది. అప్పటికే, 1958లో, డెస్మండ్ గిన్నెస్, భార్య మారిగా కలిసి ఐరిష్ జార్జియన్ సొసైటీ పెట్టి మొత్తుకుంటున్నారు.

మెరియన్ స్ట్రీట్‌లో ఎదురు వరస 20వ శతాబ్దం మొదట్లోనే పోయింది. ఈ నాలుగు ఇళ్లు మిగలడానికి పెద్ద సంరక్షణోద్యమం కారణం కాదు. ఆఫీసు నడుస్తున్న ఇంటిని ఎవరూ కూల్చరు, ప్రభుత్వాఫీసుకు సోకులు చేయించడానికి డబ్బూ ఉండదు. నగిషీ పాడవకుండా మిగలడంలో ఆ పేదరికం చేసిన మేలు తక్కువేం కాదు.

హోటల్ ఎప్పుడైంది?

1997లో. ఐరిష్ పారిశ్రామికవేత్తలు లోక్లన్ క్విన్, మార్టిన్ నాటన్, ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన హేస్టింగ్స్ హోటల్స్ దీని వెనక ఉన్నారు. అప్పుడే ఐర్లాండ్ ఆర్థికంగా దూసుకెళ్తోంది, కెల్టిక్ టైగర్ అని పత్రికలు రాస్తున్న రోజులు. సాఫ్ట్‌వేర్, మందుల కంపెనీలు దిగుతున్నాయి. ప్రభుత్వ కార్యాలయాల ఎదురుగా ఖరీదైన పడకలు కావాల్సిన మనుషులు మొదటిసారి అంతమంది వచ్చారు.

నివాసపు ఇళ్లను హోటల్‌గా మార్చడం అంత తేలికా?

తేలిక కాదు. కొత్తది కట్టడం కన్నా కష్టం, చాలాసార్లు ఖరీదు కూడా.

మొదటి చిక్కు గోడలు. నాలుగు ఇళ్లకు నాలుగు మెట్లు, నాలుగు ద్వారాలు. అతిథి ఒక తలుపులోంచి వచ్చి నాలుగు ఇళ్లలోనూ తిరగాలంటే మధ్య గోడల్లో దారులు తెరవాలి. అంతస్తుల మట్టాలు కలవకపోతే మధ్యలో చిన్న చిన్న మెట్లు పెట్టుకోవాలి. పాత ఇళ్ల హోటళ్లలో నడవా ఉన్నట్టుండి రెండు మెట్లు దిగి మళ్లీ ఎక్కడం అందుకే.

రెండోది నీళ్లు. 1760ల ఇంట్లో స్నానాల గది అనేదే లేదు. ఇప్పుడు ప్రతి పడకగదికీ కావాలి. ఆ గొట్టాలన్నీ నగిషీ పైకప్పుకు తగలకుండా పోవాలి. పైన ఒక గొట్టం కారితే కింద రెండు వందల యాభై ఏళ్ల సున్నపు పూలు ఊడి పడతాయి. మూడోది నిప్పు. పాత చెక్క నేలలు, తెరిచి ఉండే మెట్లబావి మంటకు పొగగొట్టంలా పనిచేస్తాయి. వాటిని అలాగే కనిపించనిస్తూ అగ్నిమాపక నియమాలు పాటించాలి. లిఫ్టు ఎక్కడ పెట్టాలన్నది నాలుగో తలనొప్పి.

వీటన్నిటికీ మించింది లెక్క. నాలుగు ఇళ్లలో ఎన్ని గదులు వస్తాయి? ఫైవ్ స్టార్ సిబ్బందిని పోషించడానికి సరిపోవు. అందుకే వెనక గార్డెన్ వింగ్ అని కొత్త భవనం కట్టి, మధ్యలో తోటలు వేశారు. హోటల్ మొత్తం మీద 140కి పైగా గదులున్నాయి, పెద్ద భాగం ఆ కొత్త భవనంలోవే. ఇది మోసమని కొందరు సణుగుతారు. నాకలా అనిపించదు. వెనక కొత్త గదులు సంపాదించి పెడుతున్నాయి కనుకే ముందున్న పాత గదులను కోసి ముక్కలు చేయాల్సిన అవసరం రాలేదు. గొప్ప గదులు ఇప్పటికీ గొప్ప గదులుగానే, కూర్చునే హాళ్లుగానే ఉన్నాయి.

పాత ఇంట్లోనే పడుకోవాలంటే ఏమని అడగాలి?

బుక్ చేసేటప్పుడు మెయిన్ హౌస్ అని స్పష్టంగా అడగండి. ఊరికే గది అంటే గార్డెన్ వింగ్ రావచ్చు. ధర మెయిన్ హౌస్‌లో ఎక్కువ.

గోడల మీద ఉన్న చిత్రాలు అసలువేనా?

అసలువే. 19, 20 శతాబ్దాల ఐరిష్ చిత్రకళను యజమానులు సేకరించి ఇక్కడ పెట్టారు. జాక్ బి. యేట్స్, పాల్ హెన్రీ, జాన్ లావెరీ, మేరీ స్వాంజీ, లూయీ లె బ్రాకీ వంటివాళ్ల పనులు కనిపిస్తాయి. జాక్ అంటే కవి డబ్ల్యూ. బి. యేట్స్ తమ్ముడు. సాయంత్రం టీతోపాటు ఈ చిత్రాలను పోలిన చిన్న కేకులు వడ్డిస్తారు. ఆర్ట్ టీ అని దానికి పేరు. ఐడియా బాగుంది, ధర మన ఫిల్టర్ కాఫీ అలవాటుకు గట్టి దెబ్బే.

బస చేయకుండా లోపల చూడొచ్చా?

చూడొచ్చు. టీకి ముందుగా బుక్ చేసుకుంటే కింది హాళ్లలో కూర్చోనిస్తారు. ఇంకా తక్కువలో కావాలంటే సెల్లార్ బార్ ఉంది. పాత ఇళ్ల కింద వైన్ దాచుకున్న వంపు కప్పుల నేలమాళిగలే ఆ బారు. పైన నగిషీ చూశాక కిందికి దిగితే, పైవాళ్ల కోసం కిందివాళ్లు ఎలాంటి చోట పని చేశారో తెలుస్తుంది. హోటల్‌లోనే రెండు మిషెలిన్ నక్షత్రాల పాట్రిక్ గిల్బో రెస్టారెంట్ ఉంది. అది మాత్రం జేబు తడుముకుని వెళ్లాల్సింది.

ఎదురుగా గుమ్మటంతో ఉన్న పెద్ద తెల్ల భవనం కూడా జార్జియనేనా?

కాదు, చూడ్డానికి పెద్దరికం ఉంది గానీ వయసులో చిన్నది. 1904లో శంకుస్థాపన జరిగింది, మొదట రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్. ఇప్పుడు ప్రధానమంత్రి కార్యాలయం ఉన్న ప్రభుత్వ భవనం. 1990 ప్రాంతంలో అప్పటి ప్రధానమంత్రి చార్ల్స్ హాహీ భారీ ఖర్చుతో దాన్ని మెరిపించినప్పుడు డబ్లిన్ జనం దానికి ఛాస్ మహల్ అని పేరు పెట్టారు. ఛాస్ అంటే చార్ల్స్, మహల్ మన తాజ్ నుంచి.

హైదరాబాద్ ఫలక్‌నుమా కూడా ఇలాంటిదేనా?

హోటల్ అయిన తీరులో పోలిక ఉంది, కాలంలో లేదు. ఫలక్‌నుమాను వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టాడు, అప్పటికి విక్టోరియా రాణి కాలం. 2010లో తాజ్ హోటల్‌గా తెరిచారు.

హైదరాబాద్‌లో అసలైన జార్జియన్ భవనం చూడాలంటే కోఠీ వెళ్లాలి. కంపెనీ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దం మొదటి ఏళ్లలో కట్టించిన రెసిడెన్సీ అది. మద్రాసు ఇంజినీరు శామ్యూల్ రస్సెల్ నమూనా గీశాడు, డబ్బు నిజాంది. ఖైరున్నీసా బేగంను పెళ్లాడినందుకు కిర్క్‌పాట్రిక్ మీద విచారణ జరిపించింది రిచర్డ్ వెల్లస్లీయే. భవనం హోటల్ కాలేదు. ఆడపిల్లల కాలేజీ అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం. పాలకుర్తిలో దొరకు ఎదురుతిరిగిన ఐలమ్మ పేరు రెసిడెన్సీ గేటు మీద చూడటం నాకు మెరియన్ స్ట్రీట్ ల్యాండ్ కమిషన్ కన్నా ఎక్కువ తృప్తినిచ్చింది.

ఐర్లాండ్ వాళ్లు వెలింగ్టన్‌ను మావాడు అంటారా?

మనస్ఫూర్తిగా అనరు. పశువుల కొట్టంలో పుట్టినంత మాత్రాన మనిషి గుర్రం కాడని వెలింగ్టనే తన ఐరిష్ పుట్టుక గురించి అన్నాడని ఒక కథ తిరుగుతుంటుంది. ఆ మాట ఆయనది కాదు. 1843లో ఆయన్ను వెక్కిరిస్తూ ఐరిష్ క్యాథలిక్కుల నాయకుడు డేనియల్ ఓకానెల్ అన్నది. ఓకానెల్ ఇల్లు మెరియన్ స్క్వేర్‌లో 58వ నంబరు, ఈ హోటల్‌కు నడిచిపోయేంత దూరం. ఇంకో సంగతి కూడా చెప్పాలి: క్యాథలిక్కులను పార్లమెంటులోకి రానిచ్చిన 1829 చట్టం కోసం ఓకానెల్ పోరాడితే, దాన్ని ప్రధానమంత్రిగా నెగ్గించింది వెలింగ్టనే, ఇష్టం లేకపోయినా.

ఆ వీధి చూశాక ఇంకెక్కడికి వెళ్లొచ్చు?

ఫీనిక్స్ పార్కులో 62 మీటర్ల వెలింగ్టన్ స్తంభం ఉంది. వాటర్లూలో పట్టుకున్న ఫిరంగులు కరిగించి పోసిన కంచు ఫలకాలు అడుగున ఉంటాయి. అందులో ఒకటి ఇండియా యుద్ధాలది. అందరూ వాటర్లూ ఫలకం ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు, మీరు చుట్టూ తిరిగి వెళ్లండి. అలాగే హెన్రియెటా స్ట్రీట్ 14వ నంబరు ఇప్పుడు మ్యూజియం. గైడుతో కలిసి వెళ్లి చూడాలి కాబట్టి ముందే టికెట్ తీసుకోవడం మంచిది. మెరియన్‌లో టీ, అక్కడ టూర్ ఒకే రోజు పెట్టుకుంటే టూర్ ముందు పెట్టుకోండి.